వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అరీనా పోరులో మెరుగుపడటం: సమగ్ర మార్గదర్శి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట 2004 నవంబరులో విడుదలైంది. ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడే అవకాశం అందులో మొదటి నుంచీ ఉంది. అయితే రెండు చిన్న జట్లు ఒక మూసిన మైదానంలో తలపడి, గెలుపోటములను బట్టి రేటింగ్ పొందే అరీనా పద్ధతి మాత్రం 2007 జనవరిలో ద బర్నింగ్ క్రూసేడ్ విస్తరణతో వచ్చింది. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో పీవీపీ (ఆటగాళ్లు ఒకరితో ఒకరు తలపడటం) నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి మరొకటి లేదని నా నమ్మకం. ఇక్కడ పరికరాల తేడా తక్కువగా ఉంటుంది, మైదానం చిన్నది, చేసిన ప్రతి పనికీ ఫలితం వెంటనే కనిపిస్తుంది. ముగ్గురితో ముగ్గురు తలపడే అరీనాను, ఒంటరిగా క్యూలో చేరి ఆడే సోలో షఫుల్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాశాను. లెవల్ పూర్తయి, క్లాస్ ఆడటం కొంత తెలిసి, అరీనాలోకి వెళ్లగానే ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే నేలకొరుగుతున్నవారికి ఇది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. ఓడిపోయినవారు తాము చనిపోయిన ఆఖరి రెండు సెకన్లనే తలుచుకుని, చేతివేగం చాలలేదని అనుకుంటారు. నిజానికి చాలా మ్యాచ్‌లలో ఆ చావు ఇరవై ముప్పై సెకన్ల ముందే ఖాయమై ఉంటుంది. అవసరం లేనప్పుడు వాడిన ఒక రక్షణ, తొందరపడి ఖర్చు చేసిన ఒక ట్రింకెట్ (ప్రత్యర్థి నియంత్రణ నుంచి విడిపించే వస్తువు), చాటిచ్చే స్తంభానికి దూరంగా నిలబడటం వంటివే ఆ చావుకు అసలు కారణాలు. కాబట్టి అరీనాలో మెరుగుపడటమంటే ముఖ్యంగా లెక్క నేర్చుకోవడమే: మన దగ్గర ఏమేమి మిగిలాయి, వాళ్ల దగ్గర ఏమేమి మిగిలాయి అన్న లెక్క. కింది దశలన్నీ ఆ లెక్కను సరిగా వేయగలిగే స్థితికి మిమ్మల్ని చేర్చడానికే.

మొదటి దశ: చేతులు, తెర, కనెక్షన్

ఆట కొత్తగా తెరిచినప్పుడు ఏ, డీ కీలు పాత్రను పక్కలకు తిప్పుతాయి. అలా తిరగడం చాలా నెమ్మది. ఆ రెండు కీలను పక్కకు కదిలే స్ట్రేఫ్‌కు కేటాయించి, తిరగడమంతా మౌసు కుడి బటను పట్టుకుని చేయాలి. ఎస్ కీ నుంచి వెనక్కి నడిచే పనిని పూర్తిగా తీసేయండి. పాత్ర ముందుకు పరుగెత్తే వేగం సెకనుకు 7 గజాలు కాగా, వెనక్కి నడిచే వేగం 4.5 గజాలే. కాబట్టి వెనకడుగు వేస్తూ తప్పించుకోవాలని చూసేవారు కత్తి పట్టిన ప్రత్యర్థికి తమంతట తాము దొరికిపోతారు. ఖాళీ అయిన ఆ కీ వేలికి బాగా అందుతుంది కాబట్టి దానికి ఒక ముఖ్యమైన రక్షణను ఇవ్వవచ్చు.

ఏ సామర్థ్యాన్నీ మౌసుతో బొమ్మపై నొక్కి వాడకూడదు. షిఫ్ట్, కంట్రోల్ కీలను కలుపుకుంటే ఎడమ చేతికే ముప్పైకి పైగా కీలు అందుతాయి. అరీనాలో ప్రత్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ఆటే సంఖ్యలు ఇస్తుంది. ఎదుటివారి స్పెల్‌ను ఆపే ఇంటరప్ట్‌కూ, వారి పాత్రను కట్టడి చేసే ముఖ్యమైన నియంత్రణలకూ ఆ సంఖ్యల వారీగా మాక్రోలు (ఒక కీకి కట్టే చిన్న ఆదేశాలు) రాసుకుంటే, మీరు కొడుతున్న వ్యక్తిని వదలకుండానే వాళ్ల హీలర్ (జట్టు ప్రాణం నింపే ఆటగాడు) స్పెల్‌ను ఆపగలుగుతారు. ఇది మొదటి వారం చేతికి చాలా ఇబ్బందిగా ఉంటుంది. అయినా పాత అలవాటుకు తిరిగి వెళ్లకండి, ఎందుకంటే టార్గెట్ మార్చి, స్పెల్ వేసి, మళ్లీ పాత టార్గెట్‌కు వచ్చేలోపు ఆ హీల్ పూర్తయిపోతుంది.

కనెక్షన్ విషయం తెలుగు రాష్ట్రాల నుంచి ఆడేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఆటకు భారతదేశంలో సర్వర్లు లేవు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో యూరప్ సర్వర్లలో ఆడితే పింగ్ (సంకేతం సర్వర్‌కు వెళ్లి తిరిగి వచ్చే సమయం) 150 మిల్లీసెకన్ల చుట్టూ లేదా అంతకు మించి ఉండటం మామూలే, అమెరికా సర్వర్లయితే ఇంకా ఎక్కువ. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్లకు ఈ బాధ లేదు. పింగ్ ఎక్కువగా ఉన్నవారు రెండు పనులు చేయాలి. ఒకటి, స్పెల్ క్యూ విండో అనే అమరికను దాని సహజ విలువైన 400 మిల్లీసెకన్ల వద్దే ఉంచుకోవాలి. దానివల్ల ఒక సామర్థ్యం పూర్తయ్యేలోపే నొక్కిన తరువాతి కీని సర్వర్ వరుసలో పెట్టుకుంటుంది, మధ్యలో ఖాళీ పడదు. పింగ్ తక్కువ ఉన్నవారు దాన్ని తగ్గించుకుంటే ఆఖరి క్షణంలో నిర్ణయం మార్చుకునే వెసులుబాటు వస్తుంది. రెండోది, కళ్లతో చూసి స్పందించే ఆటకంటే ముందుగా ఊహించి చేసే ఆటపై ఎక్కువ ఆధారపడాలి. ఆ ఊహ ఎలా వస్తుందో మూడో దశలో చూద్దాం.

యూరప్‌లో ఆటగాళ్లు ఎక్కువగా ఉండే రాత్రి 8 గంటలు మనకు చలికాలంలో అర్ధరాత్రి 12:30, వేసవిలో 11:30 అవుతాయి. మన సాయంత్రం వేళ క్యూలో చేరితే నిరీక్షణ ఎక్కువ. వారంలో రోజూ కొంచెం ఆడటంకంటే సెలవు ముందు రాత్రులు రెండింటిని ఎంచుకోవడం మేలు.

రెండో దశ: ఒకే స్పెషలైజేషన్

2022లో ఇవోకర్ అనే క్లాస్ రావడంతో ఆటలో 13 క్లాసులయ్యాయి. ప్రతి సీజన్‌లోనూ ఏదో ఒకటి మిగిలినవాటికంటే బలంగా ఉంటుంది, తరువాతి ప్యాచ్‌లో (ఆటకు వచ్చే మార్పులలో) దాని బలం తగ్గుతుంది. బలమైనదాని వెంట పరుగెత్తేవారు ప్రతిసారీ మొదటి దశకే తిరిగి వస్తారు. కనీసం ఒక సీజన్ మొత్తం ఒకే స్పెషలైజేషన్‌తో (క్లాస్‌లో ఎంచుకున్న ఒక ఆటతీరుతో) ఉండండి. మీ కీలు చూడకుండా, ఆలోచించకుండా వేళ్లకు వచ్చినప్పుడే కళ్లు ఎదుటివారిపైకి వెళ్లగలుగుతాయి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే, హీలర్‌ను పరిశీలించమని నా సలహా. సోలో షఫుల్‌లో డ్యామేజ్ (దాడి చేసే) ఆటగాళ్లు చాలాసేపు వేచి ఉండాల్సి వస్తుంటే హీలర్లకు క్యూ త్వరగా దొరుకుతుంది, పైగా మైదానమంతటినీ గమనించే అలవాటు హీలర్‌కు తప్పనిసరిగా వస్తుంది.

పరికరాల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. హానర్ అనే పీవీపీ పాయింట్లతో వచ్చే పరికరాలతో శరీరమంతా నింపుకుని, రెండు ట్రింకెట్ స్థానాలలో పీవీపీ ట్రింకెట్లు పెట్టుకుని మొదలుపెట్టండి, కాంక్వెస్ట్ అనే మరో రకం పాయింట్ల పరికరాలు ఆడుతూ ఉంటే వస్తాయి.

మూడో దశ: ఎదుటి జట్టును చదవడం

తలుపులు తెరుచుకోకముందే ప్రత్యర్థుల స్పెషలైజేషన్లు తెరపై కనిపిస్తాయి. ఆ కొద్ది సమయాన్ని చాలామంది కబుర్లతో గడిపేస్తారు. దాన్ని మూడు ప్రశ్నలకు కేటాయించండి. వీళ్లు మాలో ఎవరిని కొడతారు? మా హీలర్‌ను దేనితో ఆపుతారు? వాళ్లలో ఎవరి రక్షణలు అందరికంటే తక్కువ? వీటికి సమాధానం చెప్పాలంటే ప్రతి స్పెషలైజేషన్ గురించి కనీసం మూడు విషయాలు తెలిసి ఉండాలి: దాని అతిపెద్ద దాడి ఏది, అతిపెద్ద రక్షణ ఏది, ఎలాంటి నియంత్రణలు ఉన్నాయి. వాటన్నింటినీ ఒకేసారి బట్టీ పట్టనక్కరలేదు. మిమ్మల్ని ఎక్కువగా ఓడిస్తున్న స్పెషలైజేషన్‌ను ఒకటి తీసుకుని, ఆ క్లాస్‌తో మీరే ఒక పాత్ర చేసి రేటింగ్ లేని స్కర్మిష్‌లలో కొన్ని గంటలు ఆడండి. ఎంత చదివినా రాని అవగాహన అలా వస్తుంది. రోగ్ అనే క్లాస్‌గా ఆడినవారికి కిడ్నీ షాట్ (కదలకుండా చేసే దెబ్బ) ఎప్పుడు రాబోతోందో ఎదురుగా నిలబడినప్పుడు కూడా తెలుస్తుంది.

మ్యాచ్ మొదలయ్యాక అసలైన పని జ్ఞాపకంతోనే. రమ్మీ బాగా ఆడేవారు తమ చేతిలోని ముక్కలకంటే ఎదుటివారు ఎత్తుకున్నవీ పారేసినవీ ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు కదా, అరీనాలోనూ అంతే. మొదట్లో అందరి సామర్థ్యాలనూ గమనించడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఒక్కటే ఎంచుకోండి. ముందు పది మ్యాచ్‌లు ప్రత్యర్థి హీలర్ ట్రింకెట్‌నే గమనించండి. పీవీపీ ట్రింకెట్ మళ్లీ సిద్ధం కావడానికి నిమిషానికి పైగా పడుతుంది. హీలర్ దాన్ని వాడిన క్షణం నుంచి ఆ వ్యవధిలో వచ్చే మీ తరువాతి దాడే మ్యాచ్‌ను గెలిపించగలదు. ఇది అలవాటయ్యాక మీరు కొడుతున్న వ్యక్తి పెద్ద రక్షణను కలుపుకోండి, ఆ తరువాత ఇంటరప్ట్‌లను. ఈ కూల్‌డౌన్‌లను (సామర్థ్యం మళ్లీ సిద్ధమయ్యే సమయాలను) చూపించే ఆడాన్లు (ఆటకు జతచేసే చిన్న ప్రోగ్రాములు) ఉంటూ వచ్చాయి, కానీ ఆట తయారీ సంస్థ బ్లిజార్డ్ పోరాటంలో ఆడాన్ల పాత్రను తగ్గించే దిశలో వెళుతోంది. కాబట్టి జ్ఞాపకాన్నే నమ్ముకోవడం మంచిది.

నాలుగో దశ: నియంత్రణలూ వాటి తరుగుదలా

స్టన్, పాలీమార్ఫ్, ఫియర్ లాంటివి ఆటగాడి చేతి నుంచి పాత్రను కొన్ని సెకన్లు లాగేసుకుంటాయి. ఇవి ఎంతకాలమైనా కొనసాగకుండా ఆటలో తరుగుదల నియమం ఉంది. ఒకే వర్గానికి చెందిన నియంత్రణ వెంటవెంటనే పడుతుంటే నిడివి తగ్గిపోతుంది. ఎన్నో ఏళ్లుగా నడిచిన లెక్క ప్రకారం, మొదటిది 8 సెకన్లయితే రెండోది 4, మూడోది 2, ఆ తరువాత అసలు పనిచేయదు. కొంతసేపు ఆ వర్గం నియంత్రణ పడకుండా ఉంటే లెక్క మొదటికి వస్తుంది. కచ్చితమైన అంకెలు ప్యాచ్‌లను బట్టి మారుతుంటాయి కాబట్టి సీజన్ మొదట్లో ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక్కడ పట్టుకోవలసిన అసలు కిటుకు వర్గాలు. పాలీమార్ఫ్, సాప్, ఫ్రీజింగ్ ట్రాప్ ఒక వర్గం. ఫియర్, బ్లైండ్, సైక్లోన్ మరో వర్గం. కిడ్నీ షాట్, చీప్ షాట్, హ్యామర్ ఆఫ్ జస్టిస్ స్టన్ వర్గం. ఫ్రీజింగ్ ట్రాప్‌లో ఉన్న హీలర్ బయటికి రాగానే మీ మేజ్ పాలీమార్ఫ్ వేస్తే సగం నిడివే దొరుకుతుంది, అదే మీ రోగ్ బ్లైండ్ వేస్తే పూర్తి నిడివి దొరుకుతుంది. మీ జట్టులో ఎవరి దగ్గర ఏ వర్గం ఉందో కాగితం మీద రాసుకుని, హీలర్‌పై వరుసగా ఏ రెండు పడాలో మ్యాచ్‌కు ముందే నిర్ణయించుకోండి. రెండు చాలు. అయిదింటి గొలుసు అల్లాలని చూసే కొత్త జట్లు సాధారణంగా రెండోదాన్నే తప్పు వర్గంలో వేస్తాయి.

అయిదో దశ: ట్రింకెట్, రక్షణలు

ఈ దశపై ఎక్కువ సమయం పెట్టమని కోరుతున్నాను, ఎందుకంటే దిగువ రేటింగ్‌లలో మ్యాచ్‌ల ఫలితం ఇక్కడే తేలుతుంది. ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం.

మీరు డిసిప్లిన్ ప్రీస్ట్ అనే హీలర్. మీతో ఒక వారియర్, ఒక హంటర్ ఉన్నారు. ఎదుట రోగ్, మేజ్, ప్రీస్ట్. తలుపులు తెరుచుకున్న కొద్దిసేపటికి రోగ్ మీ వారియర్‌పై కిడ్నీ షాట్ వేస్తాడు, అదే క్షణంలో మేజ్ పాలీమార్ఫ్‌తో మిమ్మల్ని గొర్రెగా మారుస్తాడు. వారియర్ ప్రాణం 100 శాతం నుంచి 80కి, అక్కడి నుంచి 55కి పడిపోతోంది. మీ వేలు ట్రింకెట్ కీ మీదికి వెళుతుంది. నొక్కేస్తారు, గొర్రె రూపం పోతుంది, ఒక హీల్ మొదలుపెడతారు. రోగ్ సరిగ్గా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. వెంటనే మీపై బ్లైండ్ వేస్తాడు. అది వేరే వర్గం కాబట్టి పూర్తి నిడివి పడుతుంది. ఇప్పుడు మీ దగ్గర ట్రింకెట్ లేదు, వారియర్ ప్రాణం ఇంకా పడిపోతోంది, అది మళ్లీ సిద్ధమయ్యేదాకా మీరు ప్రతి పాలీమార్ఫ్‌లోనూ చివరిదాకా కూర్చోవలసిందే. ఈసారి ఎలాగో బతికినా, రోగ్ రెండో దాడికి మీ జట్టు దగ్గర సమాధానం ఉండదు.

అదే సందర్భంలో సరైన ఆలోచన ఇలా సాగాలి. వారియర్ దగ్గర ట్రింకెట్ ఉందా? ఉంది. స్టన్ నుంచి బయటపడ్డాక డై బై ద స్వోర్డ్ అనే రక్షణ వాడగలడా? వాడగలడు. హంటర్ దగ్గర వారియర్‌ను కాపాడే మార్గం ఏదైనా ఉందా? రోర్ ఆఫ్ సాక్రిఫైస్ ఉంది. ఇన్ని ఉండగా నేను గొర్రెగా కూర్చోవడమే లాభం. ఇంకా మంచి ఆటగాళ్లు ఒక అడుగు ముందుంటారు. వారియర్‌పై స్టన్ పడిందని చూడగానే, మేజ్ స్పెల్ పూర్తికాకముందే, వారియర్‌కు పెయిన్ సప్రెషన్ అనే రక్షణ ఇచ్చి నిశ్చింతగా గొర్రె అవుతారు. ఒక రక్షణ ఖర్చయింది, కానీ ట్రింకెట్ చేతిలోనే ఉంది. ఎదుటివాళ్లు తమ పెద్ద దాడిని మొత్తం ఖర్చు చేసుకున్నారు. ఈ మార్పిడిలో లాభం మీదే.

ఇందులోంచి ఒక సాధారణ నియమం వస్తుంది. ప్రత్యర్థి పెద్ద దాడి ఒకటి వచ్చినప్పుడు, మీ జట్టు నుంచి ఒక్కటంటే ఒక్క పెద్ద రక్షణే బయటికి రావాలి. ముగ్గురూ కంగారుపడి ఒకేసారి మూడు వాడితే ఆ దాడిని తట్టుకుంటారు, తరువాతి దాడికి చేతులు ఖాళీగా ఉంటాయి. ప్రాణం తగ్గాక కాకుండా, దాడి మొదలవగానే వాడటం కూడా అంతే ముఖ్యం. 20 శాతం ప్రాణం దగ్గర వాడిన రక్షణ పక్కన రెండోది కూడా వాడక తప్పదు, 80 శాతం దగ్గర వాడిన అదే రక్షణ ఒంటరిగా పని పూర్తిచేస్తుంది. ఎవరి రక్షణ మొదట, ఎవరిది తరువాత అన్న వరుసను తలుపులు తెరవకముందే మాట్లాడుకోండి.

ఆరో దశ: స్పెల్ ఆపడం, ఆపనివ్వకపోవడం

ఇంటరప్ట్ తగిలితే వేస్తున్న స్పెల్ ఆగిపోవడమే కాక, ఆ స్పెల్ చెందిన స్కూల్ (హోలీ, షాడో, నేచర్ లాంటి మంత్ర వర్గం) మొత్తం కొన్ని సెకన్లు మూతపడుతుంది. కాబట్టి ఇంటరప్ట్ విలువ అది ఎవరిపై పడిందన్నదానిపై ఆధారపడి ఉంటుంది. హోలీ పాలడిన్ హీల్‌లన్నీ హోలీ స్కూలే, ఒక్క దెబ్బతో అన్నీ మూతపడతాయి. రెస్టోరేషన్ డ్రూయిడ్ సైక్లోన్ వేస్తుండగా ఆపితే, అదీ నేచర్ స్కూలే కాబట్టి అతని హీల్‌లు కూడా ఆగిపోతాయి. ఇది చాలామంది వాడుకోని అవకాశం.

స్పెల్ వేసేవారి వైపు నుంచి చూస్తే, ప్రత్యర్థి ఇంటరప్ట్‌ను వృథాగా ఖర్చు చేయించడం ఒక కళ. స్పెల్ మొదలుపెట్టి, మధ్యలో ఒక అడుగు కదిలి ఆపేయాలి. ఎదుటివారు కంగారుగా కిక్ (ఇంటరప్ట్) కొడితే అది గాలికి పోతుంది, ఆ తరువాత అసలైన హీల్‌ను ధైర్యంగా పూర్తిచేయవచ్చు. డిసిప్లిన్ ప్రీస్ట్‌లు షాడో స్కూల్‌కు చెందిన మైండ్ కంట్రోల్‌ను ఎరగా చూపిస్తారు. దాన్ని ఆపకపోతే ప్రమాదం, ఆపితే మూతపడేది షాడో మాత్రమే, హోలీ హీల్‌లు అలాగే ఉంటాయి. ఎరను ప్రతిసారీ ఒకే చోట ఆపకండి. ఒకసారి సగంలో, ఒకసారి చివరిలో ఆపండి, ఒక్కోసారి అసలు ఆపకుండా పూర్తిచేయండి. పింగ్ ఎక్కువగా ఉన్నవారు ఇంటరప్ట్ వేసేటప్పుడు స్పెల్ బార్ చివరిదాకా ఆగలేరు కాబట్టి, ఎదుటి హీలర్ తప్పక పూర్తిచేయాల్సిన పరిస్థితి వచ్చేదాకా, అంటే తన జట్టువాడి ప్రాణం బాగా తగ్గేదాకా, కిక్‌ను దాచుకోవడం ఉత్తమం. అప్పుడు అతనికి ఎర వేసే తీరిక ఉండదు.

ఏడో దశ: స్తంభాలు

నాగ్రాండ్ అరీనాలో నాలుగు స్తంభాలు, రూయిన్స్ ఆఫ్ లార్డరాన్‌లో మధ్యలో సమాధి, బ్లేడ్స్ ఎడ్జ్‌లో వంతెన ఉంటాయి. స్పెల్ పడాలంటే వేసేవారికి మీరు కనిపించాలి. కాబట్టి హీలర్ నిలబడాల్సిన చోటు ఇది: ఒక్క అడుగు వేస్తే ప్రత్యర్థి మేజ్‌కు కనిపించకుండా పోవాలి, మరో అడుగు వేస్తే తన జట్టువాడు కనిపించాలి. డ్యామేజ్ ఆటగాళ్లకు కూడా ఒక బాధ్యత ఉంది. ప్రత్యర్థిని తరుముతూ తమ హీలర్ కనుచూపు దాటి స్తంభం అవతలికి వెళ్లకూడదు. తరుముతున్నంతసేపూ గెలుస్తున్నట్టే ఉంటుంది, కానీ స్టన్ పడగానే హీల్ అందదు. మంచి ప్రత్యర్థులు కావాలనే అలా లాక్కెళతారు.

ఎనిమిదో దశ: దాడిని కూడగట్టడం

ఎదుటివారిని నిరంతరం కొడుతూ ఉంటే చనిపోరు, హీలర్ ప్రాణం నింపుతూనే ఉంటాడు. మూడు విషయాలు ఒకే సమయంలో జరగాలి: హీలర్‌పై నియంత్రణ, టార్గెట్‌పై స్టన్, మీ ఇద్దరి పెద్ద కూల్‌డౌన్‌లు (మళ్లీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పట్టే పెద్ద దాడులు). ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సిద్ధంగా లేకపోతే మిగతా రెండింటినీ దాచుకోండి. కొత్తవారికి ఇది కష్టం, కూల్‌డౌన్ వెలగగానే నొక్కాలనిపిస్తుంది. మేజ్ ఐస్ బ్లాక్‌లోకో, పాలడిన్ డివైన్ షీల్డ్‌లోకో వెళితే అక్కడే నిలబడి ఎదురుచూడకుండా వెంటనే మరొకరిపైకి మళ్లాలి. రోగ్ ఎవేషన్ వాడితే, కత్తి పట్టినవారు కొట్టే దెబ్బలు చాలావరకు తగలవు కాబట్టి పెద్ద దాడిని ఆపి, అది అయిపోయాక మొదలుపెట్టాలి. మ్యాచ్ సాగేకొద్దీ డ్యాంపెనింగ్ వల్ల హీల్‌ల బలం తగ్గుతూ పోతుంది. అందువల్ల తొందరగా చంపలేకపోయామని నిరాశపడనక్కరలేదు. రక్షణలు ఎక్కువ మిగుల్చుకున్న జట్టుకే ఆ సమయం అనుకూలం.

జట్టుగా ఆడేటప్పుడు మాటలు పొట్టిగా ఉండాలి. తెలుగు స్నేహితులు కలిసి ఆడుతుంటే ఇంగ్లిషులో అరవాల్సిన పనేమీ లేదు. "ఆరు సెకన్లు నేను లేను", "ప్రీస్ట్ ట్రింకెట్ అయిపోయింది", "నీ పెద్ద రక్షణ ఇప్పుడు వాడు" అంటే చాలు. జరిగిపోయినదాన్ని మ్యాచ్ మధ్యలో చర్చించవద్దు.

తొమ్మిదో దశ: రికార్డు చేసి వెనక్కి చూడటం

ఓబీఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ మ్యాచ్‌లను రికార్డు చేసుకోండి. ఒక సాయంత్రం ఆడినవాటిలో ఓడినవి రెండు చూస్తే సరిపోతుంది. చూసే పద్ధతి ముఖ్యం. మీ జట్టువాడు చనిపోయిన క్షణం దగ్గర వీడియో ఆపి, అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. చావు సమయానికి ఏ రక్షణ సిద్ధంగా లేదు? అది ఎప్పుడు ఖర్చయింది? ఆ ఖర్చు సమయానికి ఎవరి ప్రాణం ఎంత ఉంది, ఎదుటివాళ్లు నిజంగా పెద్ద దాడిలో ఉన్నారా? ఈ ప్రశ్నల వెంట వెళితే తప్పు జరిగిన సెకను దొరుకుతుంది. దాన్ని ఒక్క వాక్యంలో రాసుకుని, మరుసటిసారి ఆడేటప్పుడు ఆ ఒక్కదానిపైనే దృష్టి పెట్టండి.

సోలో షఫుల్ ఈ పరిశీలనకు చాలా అనుకూలం. ఒకే ఆరుగురు జట్లు మారుతూ ఆరు రౌండ్లు ఆడతారు కాబట్టి, మొదటి రౌండ్‌లో మిమ్మల్ని చంపిన వరుసనే మూడో రౌండ్‌లో మళ్లీ ఎదుర్కొని, వేరే సమాధానం ప్రయత్నించవచ్చు. అయితే ఒకరి కూల్‌డౌన్‌లను మరొకరు కలుపుకునే నేర్పు అక్కడ రాదు. అందుకు మరో ఇద్దరితో స్థిరమైన జట్టు కట్టక తప్పదు.

రేటింగ్ లక్ష్యాలు పెట్టుకోవాలనుకుంటే 1800, 2100, 2400 అన్నవి గుర్తింపు పొందిన మైలురాళ్లు. గ్లాడియేటర్ బిరుదుకు 2400 దాటాక ముగ్గురి అరీనాలో 50 విజయాలు కావాలి. రేటింగ్ ఒక రాత్రిలో 100 పాయింట్లు పడిపోవడం, మరో రాత్రి తిరిగి రావడం అందరికీ జరిగేదే. వరుసగా మూడు ఓడితే ఆ రోజుకు రేటింగ్ క్యూ మూసి, స్కర్మిష్‌లలో ఒక్క అంశాన్ని సాధన చేయండి. జట్టు సభ్యులను ఎంచుకునేటప్పుడు రేటింగ్ చూడకండి. ఓడిన మ్యాచ్ వీడియోను మీతో కూర్చుని చూడటానికి ఇష్టపడేవారిని చూడండి.